పల్లెలో బస, పాత పట్టణములకు పయనము

సెలవులు దగ్గర పడగానే ప్రతి గృహమునందును ఒకటే చర్చ మొదలగును. ఎచ్చటికి పోవలెను, ఎన్ని ఊళ్ళు చూడవలెను, ఎన్నాళ్ళలో తిరిగి రావలెను? ఊళ్ళ సంఖ్య పెరుగుచు పోవును. దినముల సంఖ్య మాత్రము పెరుగదు. తుదకు వాహనములో కునికిపాట్లు పడుట తప్ప ఏమియు చూడక ఇల్లు చేరుట శ్రోతలలో పెక్కుమందికి అనుభవమే యై యుండును.

మేమును అట్టి వారమే. కొన్ని సంవత్సరముల క్రిందట హిందూపురమున రైలు దిగి, లేపాక్షి, పెనుకొండ, ధర్మవరము, ఈ మూడింటిని ఒక్క పగటిలో చుట్టి రాదలచి బయలుదేరితిమి. లేపాక్షి నంది చుట్టు ఒక ప్రదక్షిణము, ఆలయములో ఒక గంట, దారిలో భోజనము. పెనుకొండ చేరునప్పటికి ప్రొద్దు వాలినది. గగనమహలు తలుపులు మూసి యుండగా వెలుపలి గోడను మాత్రము చూచితిమి. ధర్మవరమున దీపములు పెట్టిన పిమ్మట ఒక అంగడిలో పట్టుచీర కొని, అది చేమగ్గము మీద నేసినదో, మరమగ్గము మీద నేసినదో అడుగనైన అడుగక రాత్రి రైలెక్కితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట మా అమ్మగారు చీర మడత విప్పి, కొంగును వెలుతురునకు పట్టి చూచి, "దీనిని నేసినవారిని చూచితిరా నాయనా?" అని అడిగిరి. మా యొద్ద సమాధానము లేకపోయెను.

రెండవమారు పోయినప్పుడు పద్ధతి మార్చితిమి. హిందూపురమునకు పెనుకొండకు నడుమ, సోమందేపల్లికి చేరువ పల్లెలో మా పెదనాన్నగారి కుమారుని ఇల్లు కలదు. అచ్చట ఐదు దినములు బస చేసితిమి. ఉదయము ఒక ఊరికి మాత్రమే పోవుట, ప్రొద్దు గూకువేళకు మరల పల్లె చేరుట, ఇంతియే మేము పెట్టుకొన్న నియమము.

ఈ పద్ధతి మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఇటలీ దేశమున టస్కనీ సీమకు పోవువారు ద్రాక్షతోటలలోనో ఓలివు తోటలలోనో రైతు ఇంట దిగి, ఒకనాడు ఫ్లోరెన్సు, ఒకనాడు సియెనా చూచి, రాత్రికి మరల తోట చేరుట చిరకాలముగ అలవాటు. అట్లు అతిథులకు బస ఇచ్చు రైతుల కొరకు ఆ దేశము 1985లో ప్రత్యేకముగ ఒక చట్టమే చేసినది. సేద్యముతో పాటు కొంత అదనపు రాబడి యుండినచో రైతు ఊరు విడువడన్నది అందలి ఆలోచన. మన పల్లెలలో అట్టి ఏర్పాటులు ఇంకను తక్కువ. చుట్టములు లేనివారికి లేపాక్షిలో పర్యాటకశాఖవారి బస యున్నది. పల్లె చుట్టమున్నవారు మాత్రము ఆ చుట్టరికమును మరువకుందురు గాక.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును గుంతకల్లు నుండి బెంగుళూరు పోవు రైలుదారి మీది ఊళ్ళు. 2022 ఏప్రిలులో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు ఇవి అనంతపురము జిల్లాలోనివి. ఈ సీమలో ఏడాదికి కురియు వాన 550 మిల్లీమీటర్లకు కొంచెము అటునిటు. పెన్న, చిత్రావతి పేరునకు నదులేయైనను ఏడాదిలో చాలనెలలు ఇసుకయే కనబడును. ఇట్టి నేలమీద రాజధానులు వెలసినవి, ఆలయములు లేచినవి, పట్టు నేసెడి ఊరు పెరిగినది. ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము పట్టణములలో దొరకదు. పల్లెలో తెల్లవారుజామున లేచి కట్టమీదికి నడిచినవారికి అది కన్నులయెదుటనే యుండును. అదియే చెరువు.

రెండు గుట్టల నడుమ పల్లమును చూచి, అడ్డముగ మట్టికట్ట వేసి, లోపలివైపు రాళ్ళు పరచి, తూము పెట్టి, అధికమైన నీరు పోవుటకు మరువ విడిచిన చెరువులు ఈ సీమలో ఎన్నియో కలవు. బుక్కపట్నము, ధర్మవరము, పరిగి చెరువులు వీనిలో పెద్దవి. చెరువు త్రవ్వించుట విజయనగరపు కాలమున ఎంతటి శాస్త్రమో తెలియవలెనన్న కడప సీమలోని పోరుమామిళ్ళ శాసనమును తలచుకొనవలెను. 1369 నాటి ఆ శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములు ఉండవలెనని చెప్పి, దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేయగా ఆ చెరువు పూర్తియైనదని లెక్క కూడ వ్రాసి పెట్టినది.

మొదటి దినము మేమెక్కడికిని పోలేదు. చెరువుక్రింద మా అన్నగారికి రెండెకరముల మల్బరితోట యున్నది. ఇంటి ప్రక్కనే పట్టుపురుగుల షెడ్డు. లోనికి పోగానే రేకులమీద సన్నని వాన పడుచున్నట్లు చప్పుడు వినవచ్చెను. మా పిల్లవాడు బయటికి పోయి ఆకసము చూచి వచ్చినాడు. అది వాన కాదు. వేలకొలది పురుగులు ఆకు మేయుచున్న సవ్వడి. గ్రుడ్డు నుండి వెలువడిన పురుగు సుమారు ఇరువదియైదు దినములు మేయును. నడుమ నాలుగుమారులు మేత మాని, కదలక పడియుండి, చర్మము విడుచును. దీనిని రైతులు జ్వరమందురు. "నాలుగో జ్వరము లేచినవి, ఇంక రాత్రి నిద్ర లే"దని మా వదినగారు చెప్పినప్పుడు మా అమ్మగారు నిజముగనే కంగారుపడిరి. పండిన పురుగులను వెదురుతో అల్లిన చంద్రికలమీద విడిచినచో రెండు మూడు దినములలో గూడు కట్టుకొనును. ఒక్క గూటిలోని పోగు ఇంచుమించు వేయి మీటర్ల పొడవుండునట. తెగనిదారము.

ఈ గూళ్ళు హిందూపురపు పట్టుగూళ్ళ విపణికి పోవును. మరునాడు అచ్చటికే పోతిమి. మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేర ఈ ఊరు కట్టించెనని చెప్పుదురు. చూడదగిన కోటలు, మేడలు లేవు. బెల్లము, చింతపండు, మిరపకాయల వ్యాపారము ఊరికి పేరు తెచ్చినవి. తెలుగు మాట కన్నడ మాట ఒకే నోట, ఒకే వాక్యములో వినబడును. ప్రొద్దుటిపూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని విపణికి పోయినచో తట్టలకొలది తెల్లని, పసుపుపచ్చని గూళ్ళు వేలమునకు సిద్ధముగ నుండుట కానవచ్చును. కొనువాడు నాలుగు గూళ్ళు చేతబట్టి, వ్రేలితో నొక్కి, చెవియొద్ద ఆడించి ధర చెప్పును. నెలరోజుల రైతుకష్టమునకు అరనిమిషములో వెల తేలును. ఆనాడు మా అన్నగారి ముఖము చూచి ధర యెంత పలికెనో మేము అడుగలేదు.

హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్లలో లేపాక్షి. ఈమారు పగలంతయు అచ్చటనే యుంటిమి. ఊరి మొదటనే ఏకశిలా నంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలోని గంటల పట్టెడ, వీపుమీది గొలుసులు, అన్నియు ఒకే రాతిలో. ఆలయమునందలి ఏడుపడగల నాగలింగమువైపు ఈ నంది చూచుచున్నది. తల్లి వంట ముగించులోపల శిల్పులు ఆ నాగమును చెక్కిరని కథ. మా అమ్మగారు దానిని రెండుమారులు తేరిపార జూచి, "ఆ తల్లి ఆనాడు ఓళిగలు చేసియుండును" అనిరి. ఓళిగ యనగా మన బొబ్బట్టు. ఆ మాట మాకు ఏ చరిత్రగ్రంథమును చెప్పలేదు.

కూర్మశైలమను తాబేటివీపు వంటి రాతిగుట్టమీద వీరభద్రాలయము నిలిచియున్నది. అచ్యుతదేవరాయలు (1529–1542) ఏలుచుండగా విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు దీనిని కట్టించిరి. విరూపణ్ణ పెనుకొండలో రాజోద్యోగి, ధనాధికారి. అనగా లేపాక్షి చూచువాడు సగము పెనుకొండను చూచుచున్నాడన్నమాట. తొందరగ వచ్చువారందరును వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రము దూర్చి తీసి, ఆ ముచ్చట తీరగానే వెళ్ళిపోవుదురు. మేమును మొదటిమారు అంతే చేసితిమి. నిజమునకు లేపాక్షి ఐశ్వర్యము పైకప్పున ఉన్నది. రాతిపలకలకు సున్నపు గార పూసి, దానిమీద ఎఱుపు, కావి, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు రంగులతో చిత్రములు వ్రాసిరి. నీలము దాదాపు కానరాదు. గిరిజాకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, మర్రియాకుమీద బాలకృష్ణుడు. ఇంచుమించు ఆ కాలముననే, 1536 నుండి 1541 వరకు, రోములోని సిస్టైన్ ప్రార్థనామందిరపు గోడమీద మైకెలాంజిలో అంతిమతీర్పు చిత్రమును వ్రాసెను. ఆ చిత్రము ముద్రిత ప్రతులు మన ఇండ్లలోని పుస్తకములలో సైతము కలవు. లేపాక్షి కప్పులను తలయెత్తి చూచినవారు ఎందరు?

మెడ నొచ్చువారికి మేము చెప్పు ఉపాయము ఒకటే. ఒక తువాలు పరచి, జనము తక్కువగనున్న వేళ వెల్లకిల పండుకొని చూడుడు. మేమట్లు పండుకొని యుండగా మా అమ్మగారు అందరికంటె ముందు కనిపెట్టినది దేవతలను కాదు, చీరలను. అడ్డగళ్ళు, నిలువు చారలు, చిన్న పూలు, పెద్ద అంచులు. ఒక్క స్త్రీ చీర వలె మరియొక స్త్రీ చీర లేదు. పురుషుల తలలమీద పొడవైన కుళ్ళాయిలు. సుమారు అయిదువందల ఏండ్ల క్రిందటి అంగడివీథి యంతయు ఆ కప్పున ఆరవేసినట్లున్నది. తడి, పొగ, కెమెరా వెలుగులు తిని కొన్నియెడల ముఖములు మాసిపోయినవి. ఈ ఆలయము, నంది 2022లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. జాబితాలో పేరుండుట వేరు, గారపెళ్ళ రాలకుండుట వేరు.

ఆలయమునకు వెనుక కల్యాణమండపము అసంపూర్ణముగ మిగిలిపోయినది. రాజధనమును ఆలయమునకు వ్యయము చేసినాడని రాజు ఆగ్రహింపగా, విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసరెనని చెప్పి, రెండు ఎఱ్ఱని మరకలు చూపుదురు. శాసనములలో మనకు అగపడువాడు దానములిచ్చిన విరూపణ్ణయే. అయినను ఈ కథను త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. ఎందుకనగా మరునాడు పెనుకొండలో ఇట్టిదే ఇంకొక కథ వినబోతిమి.

పెనుకొండకు సూర్యోదయమునకు మునుపే చేరితిమి. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తుగల ఆ కొండను ఎండ యెక్కక ముందే ఎక్కవలెను. త్రాగునీరు వెంట తీసికొనుడు; పైన దొరకదు. ఎక్కుచున్నకొలది బురుజులు, గోడలు, కూలిన మండపములు; పైన నరసింహస్వామి ఆలయము. అక్కడక్కడ కొత్తగ త్రవ్విన గోతులు కనబడినవి. నిధులు దొరకునని రాత్రులందు ఎవరో త్రవ్విన గుర్తులు. ఆ గోతులలో దొరకినది మట్టి. చెడినది మాత్రము తిరిగి రాని గచ్చునేల. పైనుండి చూచినచో ఊరు, చెరువు, రైలుదారి అన్నియు అరచేతిలోని గీతలవలె తోచును.

1565 జనవరి 23న రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు వందలకొలది ఏనుగులమీద ధనమును ఎక్కించుకొని విజయనగరమును విడిచెనని చెప్పుదురు. ఆయన చేరినది ఈ కొండకే. రెండేండ్ల పిమ్మట, 1567లో, వెనీసు నగరపు వర్తకుడు సెజారె ఫెడెరీచి విజయనగరమునకు వచ్చి ఏడు నెలలు చిక్కుబడి యుండెను. ఇండ్లు నిలిచియే యున్నవనియు, లోపల మనుష్యులు లేరనియు, పులులు తిరుగుచున్నవనియు, రాజు ఎనిమిది దినముల పయనములోనున్న పెనుకొండకు తరలిపోయెననియు అతడు వ్రాసెను. ఇటలీ పట్టణములు చూడవలెనని మనము ఉవ్విళ్ళూరుచుందుము. ఆ ఇటలీ పట్టణమునుండి ఒకడు నాలుగువందల ఏబది ఏండ్లకు పూర్వమే మన పెనుకొండ పేరు వ్రాసికొని పోయినాడు.

తిరుమలరాయలతో ఆరవీటి వంశపు పట్టాభిషేకము ఇచ్చటనే మొదలైనది. బీజాపురపు సేనలు మరల మరల ముట్టడింపగా, పదునారవ శతాబ్ది తుదిపాదమున వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చెను. అంతకు పూర్వము పెనుకొండ రాయల రెండవ నివాసము. రెండంతస్తుల గగనమహలులో కమానులు ముసల్మాను పద్ధతివి, పైగోపురము గుడి పద్ధతిది. ఊరిలో రామాలయము శివాలయము ప్రక్కప్రక్కనే యున్నవి. పార్శ్వనాథుని బస్తి కలదు. ఢిల్లీ, కొల్హాపురము, జినకంచితో పాటు పెనుకొండ జైనులకు విద్యాస్థానమని ప్రతీతి. తిరుచిరాపల్లి నత్తరువలీ శిష్యుడగు బాబా ఫక్రుద్దీను దర్గా కలదు. బాబయ్యస్వామి యని పిలుచుచు ఉరుసునకు అన్ని మతములవారును వత్తురు.

మహామంత్రి తిమ్మరుసును బంధించిన చోటని ఒక కట్టడమును చూపుదురు. కృష్ణదేవరాయల కుమారుడు మరణింపగా, విషము పెట్టించినాడన్న అనుమానముతో రాజు తిమ్మరుసును చెరపెట్టి కన్నులు తీయించెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. ఆయన పెనుకొండలోనే కన్నుమూసెనని ఊరివారి మాట. ఒకదినపు దూరములోనున్న రెండూళ్ళు, ఇద్దరు అధికారులు, రెండు జతల కన్నులు. రాజధనమును ముట్టినవాని కథయు, రాజును పెంచినవాని కథయు ఒకే తీరున ముగియుట చూడగా, ఈ సీమ ప్రజలు ప్రభువుల న్యాయమును గూర్చి ఏమి తలచిరో కొంత తెలియవచ్చుచున్నది. ఒకే పగటిలో చూచినప్పుడు ఈ రెండు కథలు మా మనసులో కలియలేదు. నడుమ ఒక రాత్రి నిద్ర కావలసివచ్చెను.

తిరుగుదారిలో ఎఱ్ఱమంచి కనబడును. ఆ ఊరిపేరుగల ద్వారము పెనుకొండ కోటకు కలదు. ఊరి పొలములలో 2019 నుండి కియా కార్ల కర్మాగారము నడచుచున్నది. జాతీయరహదారిమీద పోవువారికి ఆ కర్మాగారము తెలియును. ప్రక్కనున్న కొండ ఒక రాజధాని యని తెలియదు.

ఐదవదినము ధర్మవరము. చిత్రావతి యొడ్డున క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపెనని స్థానికుల కథనము. "ఆంధ్రనాటక పితామహు"డని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) పుట్టిన ఊరు కూడ ఇదియే. మా అమ్మగారి పట్టుదలవలన ఈమారు అంగళ్ళకు పోక, మొదట మగ్గములున్న వీథికి పోతిమి.

ఇల్లు చిన్నది, ముందుగది యంతయు గుంటమగ్గమే. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుండెను. ఆయన భార్య రాట్నముమీద కండెలు చుట్టుచుండెను. పచ్చిపట్టులో నాలుగవవంతు వరకు జిగురే. సబ్బునీట ఉడికించి దానిని తీసిన పిమ్మటనే మెరుపు వచ్చును, తూకము తగ్గును. పాతపడుగు అయిపోగానే క్రొత్తపడుగు పోగులను వేలకొలది ఒక్కొక్కటిగ చేతితో అతుకవలెను. పడుగు ఒక రంగు, పేక వేరొక రంగు పెట్టినచో కదలినప్పుడెల్ల వన్నె మారును. నెమలికంఠమన్నది అట్లే వచ్చుచున్నది. వెడల్పైన జరీ అంచు, నిండైన కొంగు ఈ ఊరి ముద్ర. ధర్మవరపు చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

చేమగ్గమునకు కేటాయించిన నేతలను మరమగ్గముపై నేయరాదని 1985లోనే చట్టము వచ్చినది. అయినను ఆ పేరుతో మరమగ్గపు చీర అమ్ముడుపోవుచునేయున్నది. పట్టుధర పెరిగినప్పుడు కూలి పెరుగదు, అప్పు పెరుగును. ఆ భారము మోయలేక ప్రాణములు తీసికొన్న నేతగాండ్రు ఈ ఊరిలో కలరు. వాన గట్టిగ కురిసినచో గుంటలోనికి ఊట దిగి మగ్గము ఆగిపోవును. చెరువు వానను కోరును, మగ్గము వలదనును. ఈ రెంటి నడుమ ఆ ఇల్లు బ్రతుకవలెను.

మా అమ్మగారు వెంట తెచ్చిన పాతచీరను విప్పి చూపిరి. ఆయన అంచును త్రిప్పి, వెలుతురున పెట్టి, "అమ్మా, మగ్గము మీద బట్ట ముడుచుకోకుండ అంచులకు సూదికర్ర గుచ్చుతాము. ఆ చిన్నచిన్న తూట్లు ఉండవలె. ఇందులో లేవు" అనెను. ఆ మాట చెప్పుటకు ఆయనకే బాధ కలిగినట్లు తోచెను. క్రొత్తచీర సిద్ధముగ లేదు. ఉన్నది షావుకారు పనికి చెందినది. పడుగు రంగు నిర్ణయించి, బయానా ఇచ్చి వచ్చితిమి. నెమలికంఠమే.

వ్యవధి యున్నవారు ఇదే బసనుండి ఇంకను పోవచ్చును. మడకశిర ప్రక్కన నోలంబపల్లవుల రాజధాని హేమావతిలో నల్లరాతి శిల్పములు, లింగమునకు బదులు కూర్చున్న శివుని మూర్తి కలవు. కదిరి దిక్కున నరసింహాలయము, కటారుపల్లెలో వేమన సమాధి, అయిదెకరములకు దగ్గరగ విస్తరించిన తిమ్మమ్మ మర్రిమాను చూడవచ్చును. కార్తికమునుండి మాఘమువరకు అనుకూలకాలము. వేసవిలో పెనుకొండ రాళ్ళు కాళ్ళను నిలువనీయవు.

ఆ రాత్రి పల్లెలో రాగిసంకటి, చెనక్కాయల పచ్చడి తినుచుండగా మా అమ్మగారు చీరసంగతి చెప్పి, "ఏ ఊరి గూళ్ళ పట్టో?" అనిరి. షెడ్డులో పురుగులు చంద్రికలు ఎక్కినవి, వానచప్పుడు నిలిచిపోయినది. మా అన్నగారు చేయి కడిగికొనుచు, "చీర తీసుకోను ఎట్లా వస్తారు కదా, పిన్నమ్మా, మరువ పారిన ఏడు రాండి. ఆ ఏడు అయితే కట్టమీద నడవను కూడా చోటుండదు" అనెను.